పొదుపు ఆడవాళ్లది, పెత్తనం ఎవరిది?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో భీమడోలు దాటితే ఉంగుటూరు మండలం. కైకరం, చేబ్రోలు, నారాయణపురం, నాచుగుంట, ఈ ఊళ్లలో ఎక్కడ అడిగినా డ్వాక్రా గ్రూపు లేని వీధి కనబడదు. పది పదిహేను మంది ఆడవాళ్లు, ఒక ఫస్టు లీడరు, ఒక సెకండు లీడరు, ఒక తీర్మానాల పుస్తకం, నెలనెలా పొదుపు, నెలనెలా కిస్తీ. గ్రూపుల మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. కూలికి వెళ్లే మనిషి నుంచి పాడిగేదెలున్న ఇల్లాలి దాకా అందరి డబ్బూ ఈ దారిలోనే తిరుగుతోంది.

బ్యాంకు దగ్గర మనిషికి మూడు హోదాలుంటాయి. అప్పు తీసుకునే మనిషి, డబ్బు దాచుకునే మనిషి, ఆ సంస్థకు యజమాని అయిన మనిషి. తెలుగు ఆడవాళ్లు గత నలభై ఏళ్లలో మొదటి రెండూ సంపాదించారు. ఆ రెండింటి గురించీ కావలసినంత చర్చ జరిగింది. మూడోదాని సంగతి మాత్రం ఎన్నికల సభల్లోనూ వినపడదు, బ్యాంకర్ల సమావేశాల్లోనూ వినపడదు. ఈ వ్యాసం దాని గురించే. నూట ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఒక నల్లజాతి మహిళ ముందుగా ఆ మూడో హోదానే పట్టుకుంది కాబట్టి, ఆమె దగ్గర మొదలుపెట్టడం న్యాయం.

చాకలి మూటల నుంచి బ్యాంకు దాకా

మ్యాగీ లీనా వాకర్ 1864లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టింది. తల్లి ఎలిజబెత్ ఒకప్పుడు బానిస. మారు తండ్రి హోటల్లో వడ్డించేవాడు. 1876లో ఆయన నదిలో శవమై తేలాక తల్లి ఊరి తెల్లవాళ్ల బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. ఆ బట్టల మూటలు ఇళ్లకు చేరవేయడం మ్యాగీ పని. పద్నాలుగో ఏట ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ ల్యూక్ అనే సంఘంలో చేరింది. సభ్యులకు జబ్బు చేస్తే ఆదుకోవడం, పోతే అంత్యక్రియల ఖర్చు ఇవ్వడం ఆ సంఘం పని. చదువుకుంది, బడిలో పాఠాలు చెప్పింది. 1886లో పెళ్లి కాగానే అప్పటి నిబంధన ప్రకారం ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది.

1899లో ఆమె సంఘం కార్యదర్శి అయ్యేనాటికి పెట్టెలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు, అప్పు 400 డాలర్లు. ఇలాంటి సంఘాన్ని ఎవరైనా మూసేసే ఆలోచన చేస్తారు. ఆమె సభ్యత్వం పెంచింది, 1902లో పత్రిక పెట్టింది. ఆ పైన బ్యాంకు పెట్టాలనుకుంది. బ్యాంకు పని తెలియదు కాబట్టి ఊళ్లోని మర్చంట్స్ నేషనల్ బ్యాంకుకు వెళ్లి కూర్చుని, లెక్కలు ఎలా నడుస్తాయో చూసి నేర్చుకుంది. 1903 నవంబరు 2న సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తలుపులు తెరిచింది. అమెరికాలో సొంతంగా లైసెన్సు తెచ్చుకుని బ్యాంకు నెలకొల్పి, దానికి అధ్యక్షురాలైన మొదటి నల్లజాతి మహిళ ఆమే.

అంతకు ముప్పై ఏళ్ల ముందు నల్లవాళ్లకు బ్యాంకు చేసిన గాయం తెలిస్తేనే ఆ పని విలువ తెలుస్తుంది. బానిసత్వం పోయిన 1865లోనే వారి కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. ప్రభుత్వ బ్యాంకే అన్నంత భరోసాతో అరవై వేల మందికి పైగా కష్టార్జితం దాచుకున్నారు. పైన కూర్చున్నవాళ్ల నిర్వాకం వల్ల 1874లో అది మునిగింది. పెత్తనం మరొకరిదైతే దాచుకున్నవాడి గతి ఏమిటో ఆ తరం అలా నేర్చుకుంది. మ్యాగీ తన బ్యాంకు వాటాలను సంఘం సభ్యులకే అమ్మింది. బట్టలు ఉతికేవాళ్లు, వంటమనుషులు, పొగాకు ఫ్యాక్టరీ కూలీలు ఖాతాదారులయ్యారు, వాటాదారులూ అయ్యారు. 1920 నాటికి ఆ బ్యాంకు అప్పులతో దాదాపు ఆరువందల నల్లజాతి కుటుంబాలు సొంత ఇళ్లు కొనుక్కున్నాయి.

అన్నీ కలిసిరాలేదు. 1905లో సంఘం తెరిచిన డిపార్ట్‌మెంట్ స్టోరును తెల్ల వ్యాపారులు ఒత్తిడి తెచ్చి దెబ్బకొట్టారు. 1911లో అది మూతపడింది. కొత్త చట్టం వల్ల బ్యాంకును సంఘం నుంచి విడదీయాల్సి వచ్చింది. 1915లో కొడుకు దొంగ అనుకుని కాల్చిన కాల్పుల్లో భర్త పోయాడు. ఆఖరి ఏళ్లలో కాళ్లు పడిపోయి ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. మహామాంద్యంలో ఊళ్లోని మరో రెండు నల్లజాతి బ్యాంకులతో కలిపి కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీగా నిలబెట్టింది. దేశమంతా వేల బ్యాంకులు కూలిన కాలంలో అది కూలలేదు. 1934లో ఆమె చనిపోయాక కూడా డెబ్భై ఏళ్లు అది సొంతంగా నడిచింది.

చుట్టూ ఉన్న కాలం ఆమెకు ఎంత ఎదురో తర్వాతి చరిత్ర చెబుతుంది. టెనెస్సీ రాష్ట్రం క్లార్క్స్‌విల్‌లో 1919లో మొత్తం ఆడవాళ్లే నడిపిన బ్యాంకు మొదలైంది. ఏడేళ్లకే మరో బ్యాంకులో కలిసిపోయింది. భర్త సంతకం లేకుండా ఆడమనిషికి అప్పు ఇవ్వననే హక్కు బ్యాంకులకు లేకుండా చేసిన చట్టం అమెరికాలో 1974లో గానీ రాలేదు. అదే ఏడాది మన అహ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వాన నాలుగు వేల మంది శ్రామిక మహిళలు తలా పది రూపాయల వాటాతో సేవా బ్యాంకు పెట్టారు. రిచ్‌మండ్‌లో పనిచేసిన సూత్రమే అక్కడా పనిచేసింది: చిన్న వాటా, ఎక్కువమంది యజమానులు.

మన దగ్గర ముందు ఉన్నది

కృష్ణా, గోదావరి డెల్టాకు బ్యాంకు కొత్త కాదు. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. సహకార పరపతి సంఘాలు అంతకుముందే ఊళ్లకు వచ్చాయి. అయితే సంఘంలో అప్పు పుట్టాలంటే భూమి ఉండాలి, పట్టా ఎవరి పేరున ఉంటే సభ్యత్వం వాళ్లది. పట్టా మగవాడి పేరున ఉండేది. తాత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది 1986లో, అమలు 1985 సెప్టెంబరు నుంచి. దేశం మొత్తానికి ఆ మార్పు రావడానికి 2005 దాకా పట్టింది. కాగితం మీద వాటా వచ్చినా, కట్నం ఇచ్చాం కదా అని కూతురి చేత సంతకం పెట్టించుకునే ఆచారం ఇంకా పోలేదు.

భూమి లేని మనిషికి బంగారమే బ్యాంకు. పంటకు పెట్టుబడి కావాలన్నా, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా మొదట కదిలేది ఆమె ఒంటి మీది నగ. తాకట్టు పెట్టేది ఆయన, విడిపించే రోజు కోసం ఎదురుచూసేది ఆమె. రెండోది చీటీపాట. నలుగురు నమ్మిన మనిషి దగ్గర నెలనెలా కట్టి, అవసరమైనవాళ్లు పాడుకోవడం. చీటీలు నడిపినవాళ్లలో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు చదువు రాకపోయినా నోటి లెక్కతో డబ్బు తిప్పగల సమర్థులు. చీటీ ఎత్తేసి ఊరు వదిలిన సంఘటనలూ ఉన్నాయి, ఎందుకంటే అది ఒక మనిషి మాట మీద నడిచే వ్యవహారం. మూడోది ప్రోనోటు మీద అప్పు, నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు, అవసరం చూసి అయిదు.

కాగితం మీద యజమానులైనా చేతికి పెత్తనం రాని సంగతికి సాక్ష్యం కావాలంటే కొల్లేరు వైపు చూస్తే చాలు. 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వుకోమని భూములిచ్చింది. సొసైటీ చెరువులని ఊళ్లో పిలిచేవి అవే. పెట్టుబడి లేని సంఘాలు వాటిని డబ్బున్నవాళ్లకు లీజుకిచ్చాయి. చెరువు మీద సభ్యుల పేర్లు, చేపల మీద లాభం లీజుదారుడిది. 2006లో సరస్సును కాపాడేందుకు చేసిన కొల్లేరు ఆపరేషన్‌లో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అసలు సభ్యులకు మిగిలింది పాత కాగితాలే. ఆ సంఘాల్లో ఆడవాళ్ల పేర్లు వెతికినా దొరకడం కష్టం, పొద్దున్నే గంప ఎత్తుకుని చేపలు అమ్మేది మాత్రం వాళ్లే.

రోజుకో రూపాయి

డ్వాక్రా పథకం కేంద్ర ప్రభుత్వం 1982లో తెచ్చింది. పదేళ్లు అది ఆఫీసు పథకంగానే నడిచింది. దానికి ప్రాణం పోసింది నెల్లూరు జిల్లా. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట ఊరి పేరు, అక్కడ ఉద్యమాన్ని నడిపిన రోశమ్మ పేరు దేశమంతా వినపడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా దుకాణానికి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. రోజుకో రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి సంఘాలు ఆ జిల్లాలో అలా పుట్టాయి. అదే సమయంలో, 1992లో, నాబార్డు అయిదు వందల సంఘాలతో బ్యాంకు లింకేజి ప్రయోగం మొదలుపెట్టింది. ఉద్యమం, పొదుపు, బ్యాంకు ఒక చోట కలిశాయి.

2000 తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ద్వారా వెలుగు ప్రాజెక్టు వచ్చింది. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు దాని నిర్మాణమే. 2004 నుంచి పావలా వడ్డీ: బ్యాంకు ఎంత వడ్డీ వేసినా నూటికి నెలకు పావలా దాటిన భాగాన్ని ప్రభుత్వం భరించడం, అంటే ఏడాదికి మూడు శాతం. 2012 నుంచి సకాలంలో కట్టినవాళ్లకు సున్నా వడ్డీ.

దీని వల్ల ఇంట్లో ఏం మారిందో లెక్క వేసి చూద్దాం. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000 వడ్డీ. మూడేళ్లలో కట్టేది 1,08,000. మూడేళ్ల తర్వాత కూడా అసలు లక్ష అలాగే ఉంటుంది. అదే లక్ష గ్రూపులో ఏడాదికి 12 శాతం వడ్డీకి ముప్పై ఆరు కిస్తీలకు తీసుకుంటే నెలకు సుమారు 3,321. ప్రభుత్వం ఒక్క రూపాయి రాయితీ ఇవ్వకపోయినా ముప్పై ఆరో కిస్తీతో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. నెలకు మూడు వందల పైచిలుకు తేడాతో ఒక ఇల్లు అప్పుల్లోంచి బయటపడుతుంది, మరో ఇల్లు అందులోనే ఉండిపోతుంది. సున్నా వడ్డీ రాయితీల కన్నా, హామీ అడగకుండా బ్యాంకు అప్పు దొరకడమే అసలు విప్లవం అనడానికి ఈ లెక్క చాలు.

ఇందులో బ్యాంకు చూపిన ఔదార్యం కన్నా ఆడవాళ్లు పెట్టిన హామీ పెద్దది. ఆ హామీకి ఆస్తి లేదు, తోటి సభ్యుల మాటే ఉంది. మీటింగు రోజు ఎవరి కిస్తీ రాలేదో పదిమందికీ తెలుస్తుంది. ఒకామె నాట్ల కూలి రాలేదంటే మరొకామె సర్దుతుంది. లేదా, నిజం చెప్పుకోవాలంటే, నలుగురూ ఆమె గుమ్మం ముందు నిలబడి గట్టిగా అడుగుతారు. కోర్టు నోటీసు చేయలేని పని పక్కింటి కన్ను చేసింది. దాని ఖర్చు కూడా ఆడవాళ్లే భరించారు.

ఆ నమ్మకం మీద వ్యాపారం

ఆడవాళ్లు అప్పు ఎగ్గొట్టరని రుజువయ్యాక ఆ రుజువును ముందుగా సొమ్ము చేసుకున్నవి మైక్రోఫైనాన్స్ కంపెనీలు. గ్రూపు ఉంది, లీడరు ఉంది, వారం వారం కట్టే అలవాటుంది. వాళ్లు చేయాల్సిందల్లా డబ్బు పట్టుకుని రావడమే. ఒకే ఇంట్లో నాలుగు కంపెనీల అప్పు, ఒకదాని కిస్తీకి మరొకటి తీయడం మామూలైంది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థల శాఖలు సుమారు యాభై మూయించారు. నాలుగేళ్లు గడిచేసరికి పాఠం అందరూ మరిచిపోయారు. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్లో 1,600 కోట్లకు పైగా సమీకరించింది. వారం కిస్తీ కట్టే ఆడవాళ్ల క్రమశిక్షణే ఆ షేరు ధర వెనక ఉన్న సరుకు. రెండు నెలలు తిరక్కుండానే, ఆత్మహత్యల వార్తల నడుమ, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగాయి, కంపెనీలు కుదేలయ్యాయి, మాలెగాం కమిటీ సిఫార్సుల మీద రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు పెట్టింది.

కంపెనీలు చెడ్డవి, ప్రభుత్వం మంచిది అని ఈ కథను ముగించడం తేలిక. కానీ పార్టీలు కూడా అదే గ్రూపుల మీద తమ లెక్క తాము వేసుకున్నాయి. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ వాగ్దానం వచ్చింది. మాఫీ వస్తుందని కిస్తీలు ఆపిన గ్రూపుల మీద వడ్డీ పేరుకుంది. ఆ తర్వాత గ్రూపులకు డబ్బిచ్చే పథకాలు: పెట్టుబడి నిధి, 2019లో పసుపు కుంకుమ, 2020లో మొదలైన ఆసరా. పేదింట్లోకి వచ్చిన ప్రతి రూపాయీ అవసరమైనదే, అందులో తగాదా లేదు. తగాదా ఎక్కడంటే, మాఫీ ఎప్పుడు, ఎంత, ఎవరి ఫొటోతో అన్నది గ్రూపు నిర్ణయించలేదు. సభకు జనం కావాలన్నప్పుడు సంఘాల ద్వారా కబురు వెళ్లడం ఏ పార్టీ పాలనలోనూ ఆగలేదు.

పెద్ద కుర్చీలు

పై మెట్టు మీద కూడా ఆడవాళ్లున్నారు కదా అనవచ్చు. ఉన్నారు. రంజనా కుమార్ 2000లో నష్టాల్లో మునిగిన ఇండియన్ బ్యాంకు పగ్గాలు పట్టి గట్టెక్కించారు, తర్వాత నాబార్డుకు అధ్యక్షురాలయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన పద్మజ చుండూరు స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా మొదలై 2018లో అదే ఇండియన్ బ్యాంకు అధిపతి అయ్యారు. 2020 ఏప్రిల్ 1న అలహాబాదు బ్యాంకు విలీనాన్ని నడిపించింది ఆమే. ఇవి గర్వించదగ్గ ప్రయాణాలు, కానీ ఇవి పదవులు, యాజమాన్యం కాదు.

ఆడవాళ్ల పేరు మీదే ప్రభుత్వం పెట్టిన భారతీయ మహిళా బ్యాంకు సంగతి వేరు. 2013 నవంబరులో 1,000 కోట్ల మూలధనంతో మొదలైంది, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. మూడున్నరేళ్లు కూడా నిండలేదు. డబ్బు ప్రభుత్వానిది, పేరు మహిళలది, వాటా ఒక్క మహిళకూ లేదు. అది పోతుంటే మా బ్యాంకు అని అడ్డుపడే మనిషి లేకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మూడో హోదాకు దారులు

తెలుగు నేల మీద యజమానులైన ఆడవాళ్లు లేకపోలేదు. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సహకార వికాస సంస్థ తోడ్పాటుతో 1990ల్లో మహిళా పొదుపు సమితులు పెరిగాయి. వాటి మూలధనం సభ్యుల పొదుపే, అప్పు ఆ పొదుపులోంచే, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. బయటి డబ్బు లేదు కాబట్టి బయటి పెత్తనమూ లేదు. అదే దారిలో వచ్చింది ముల్కనూరు మహిళా పాల డెయిరీ. ఇలాంటి సంఘాలకు సర్కారు జోక్యం నుంచి రక్షణగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. మన మండల సమాఖ్యలు చాలా వరకు రిజిస్టరైంది కూడా ఆ చట్టం కిందే. అంటే చట్టం దృష్టిలో వాటి యజమానులు సభ్యులు. ఊళ్లో అడిగితే మాత్రం అది వెలుగు ఆఫీసు.

2011లో వచ్చిన స్త్రీనిధి ఇంకో అడుగు. మండల సమాఖ్యలే వాటాదారులుగా, ప్రభుత్వం కూడా వాటా పెట్టి నెలకొల్పిన పరపతి సహకార సంస్థ అది. ఫోను ద్వారా అడిగితే 48 గంటల్లో అప్పు అన్నది దాని లక్ష్యం. మైక్రోఫైనాన్స్ దెబ్బకు సరైన జవాబు అదే. అయితే వాటా సమాఖ్యది, పగ్గాలు అధికారుల చేతిలోవి అన్న పరిస్థితిని అది ఇంకా దాటాలి. మ్యాగీ వాకర్ బ్యాంకు పని కూర్చుని నేర్చుకుంది. మన సభ్యురాలికి సంతకం నేర్పారు, కిస్తీ నేర్పారు. జమాఖర్చుల పట్టిక చదవడం నేర్పలేదు. పుస్తకం రాసేది గ్రామ సంఘం సహాయకురాలు (వీఓఏ), తీర్మానం మాటలు చెప్పేది కమ్యూనిటీ కోఆర్డినేటరు (సీసీ), సంతకం మాత్రం ఈమెది.

ఇంతవరకు చూసిందంతా కలిపితే తేలేది ఇది. అప్పు విషయంలో తెలుగు ఆడవాళ్లు ప్రపంచానికే పాఠం చెప్పారు. కట్టే విషయంలో ఎవరికీ తీసిపోలేదు. యాజమాన్యం విషయంలో మనం రిచ్‌మండ్ 1903కు ఇంకా చేరలేదు. అక్కడ వాటా ముందు, అప్పు తర్వాత. ఇక్కడ అప్పు ముందు వచ్చింది, వాటా మాట మరుగున పడింది. దాన్ని సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న చట్టం చాలు.

ఈ వ్యాసం చదివేవాళ్లలో గ్రూపు సభ్యులుంటే వచ్చే మీటింగులో మూడు సంగతులు అడగండి. మన గ్రూపు పొదుపు ఈ రోజుకు మొత్తం ఎంత, అది ఎక్కడ ఉంది? మండల సమాఖ్య ఆడిట్ నివేదిక పోయిన ఏడాది ఎవరు చదివి వినిపించారు? పాలకవర్గం ఎన్నిక మళ్లీ ఎప్పుడు? జవాబు వీఓఏ చెబితే సరిపోదు, పుస్తకం తెరిచి చూపించమనండి. ఇంట్లో డిగ్రీ చదివే కూతురుంటే ఆ రోజు వెంట తీసుకెళ్లండి, లెక్క ఆమె చదువుతుంది.